సరోజకు ఇల్లు వెతుకుతూ, ఎల్లమ్మ డబ్బాతో

ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారి నాకు కొత్త కాదు. రిటైరయ్యేదాకా ఆ దారిలోనే కండక్టరుగా తిరిగాను. ఏ మలుపులో ముసలమ్మలకు కళ్ళు తిరుగుతాయో, ఏ స్టేజీలో కోడిపుంజును సంచిలో దాచి ఎక్కిస్తారో కళ్ళు మూసుకుని చెప్పగలను. కానీ ఇన్నేళ్ళలో ఆ దారి మధ్యలో నేనెక్కడా దిగి ఎరగను. జనాన్ని దించి "రైట్" అనడం వరకే నా పని. వాళ్ళు ఎవరింటికి పోయారో, ఏం తిన్నారో, వాళ్ళను ఎవరు ఎదురొచ్చి లోపలికి పిలిచారో నాకు పట్టలేదు. మొన్న మార్చి చివర్లో మొదటిసారి సీట్లో కూర్చుని పోయి, ఆ స్టేజీల్లోనే దిగి వచ్చాను. పోయిన పని చిన్నది కాదు. ఇలాంటి పని మీద ఇవాళో రేపో బయలుదేరాల్సిన ఇళ్ళు మన చుట్టూ చాలానే ఉన్నాయి, బయటికి చెప్పుకోరు అంతే. వాళ్ళ కోసం రాస్తున్నాను.

ఎర్రుపాలెం

సరోజ మా ఆయన చెల్లెలు. నలభై దాటాయి. పుట్టగానే ఏడవలేదట, దాంతో బుద్ధి నెమ్మదించింది. ఎడమ చేతికి పట్టు తక్కువ. ఎప్పుడైనా ఫిట్స్ వస్తాయి. మాట తక్కువే గానీ ఆడిన మాట సూటిగా ఉంటుంది. నేను మణుగూరు కాలనీకి కాపురానికి పోయేనాటికి గుమ్మంలో కూర్చుని వచ్చేపోయే వాళ్ళను చూసే చిన్నపిల్ల. మా అత్త ఎల్లమ్మ పోయింది. తరవాత బొగ్గుబాయిలో పనిచేసిన మా ఆయనా పోయాడు. మాకు పిల్లలు లేరు. క్వార్టర్ ఖాళీ చేసి, మా పుట్టింటి వైపు ఎర్రుపాలెం వచ్చి, ఒక కిరాయి ఇంట్లో వదినా ఆడపడుచులం ఇద్దరమే ఉంటున్నాం.

ఈ చలికాలంలో నాకు నాలుగు మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. ఖమ్మం దవాఖానాలో చూపిస్తే గుండెలో కవాటం పాడైందని, ఆపరేషన్ తప్పదని చెప్పారు. బల్ల మీద నుంచి లేస్తానో లేదో డాక్టరు చెప్పలేదు, నేనూ అడగలేదు. చావంటే నాకు పెద్ద భయం లేదు. నేను లేవకపోతే, మర్నాడు పొద్దున సరోజ లేచి ఎవర్ని పిలుస్తుంది? ఆ ఆలోచన వస్తే మాత్రం ఒళ్ళంతా చెమటలు పట్టేవి.

చుట్టాలు వచ్చి "ఏదో ఒక ఆశ్రమంలో పడేద్దాంలే, నువ్వు బెంగ పెట్టుకోకు" అన్నారు. ఆ పడేద్దాం అన్న మాటకు నాకు కడుపు మండింది. మూట పడేస్తారు గానీ మనిషిని పడేస్తారా! టీలు కూడా ఇవ్వకుండా వాళ్ళను పంపేశాను.

వాళ్ళనూ వీళ్ళనూ అడిగితే మూడు చోట్లు తెలిశాయి. సరోజ దగ్గర ఏదీ దాచలేదు. "నాకు ఒంట్లో బాగుండట్లేదు. నువ్వు ఉండటానికి ఇళ్ళు చూసొద్దాం. నీకు నచ్చకపోతే వద్దు" అన్నాను.

"చుట్టాలింటికా?" అంది.

"అట్లాంటిదే అనుకో" అన్నాను, తేలిగ్గా.

చుట్టాలింటికి వట్టి చేతులతో పోకూడదని ఆమెకు బాగా తెలుసు. ఆ పూటే పల్లీలు వేయించి, పొట్టు చెరిగి కూర్చుంది. బెల్లం పాకం నేను పట్టాను, ముద్దలు ఆమె చుట్టింది. కుడిచేత్తో చుట్టి ఎడమ అరచేతిలో అదుముతుంది, అందుకని సరోజ ముద్దలు ఎప్పుడూ ఒక పక్క చదునుగా ఉంటాయి. మూడు ఇళ్ళకు సరిపడా చేసి, ముందుగా వాళ్ళమ్మ స్టీలు డబ్బా నింపింది. మూత మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు ఉంటుంది: ఎల్లమ్మ, మణుగూరు. ఆ డబ్బాను సరోజ ఎవరినీ ముట్టుకోనివ్వదు.

మా అత్త ఎవరింటి గిన్నె వచ్చినా ఖాళీగా తిరిగి పంపేది కాదు. ఏమీ లేనినాడు గుప్పెడు చింతపండో చిటికెడు పంచదారో వేసి ఇచ్చేది. "ఒట్టి గిన్నె ఇస్తె మల్ల రావొద్దన్నట్టు బిడ్డా" అని సరోజకు చెప్పేది. కాలనీలో అందరూ అంతే. ఇదంతా తెలిసి కూడా బయలుదేరిన నాడు నేను ఆ డబ్బా సంగతే ఆలోచించలేదు. ర్యాంపు ఉందా, నర్సు ఉందా, డాక్టరు ఎంత దూరం అన్నవే నా బుర్రలో ఉన్నాయి.

ఖమ్మం

మిరప సీజను కదా, ఖమ్మంలో రైలు దిగి మార్కెట్ వైపు తిరగ్గానే ముక్కు మండుతుంది. సరోజ వరసగా తుమ్మింది. బస్తాలు మోసే ఒకాయన ఆగి, "కొత్తనా అమ్మా? రెండు దినాలుంటే అలవాటైతది" అన్నాడు. ఉంటామో లేదో ఆయనకేం తెలుసు.

మొదటి చోటు మూడంతస్తుల మేడ. గచ్చు అద్దంలా ఉంది. ప్రతి మూలా కెమెరా. మేనేజరు కుర్రవాడు మర్యాదగా కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టాడు. "బాత్రూమ్‌కి తనే వెళ్తారా మేడమ్? అన్నం తనే తింటారా? పారిపోయే అలవాటు ఉందా? కొడతారా?"

అన్నీ నన్నే అడుగుతున్నాడు. సరోజ నా పక్కనే కుర్చీలో ఉంది.

"ఆమెనే అడగండి బాబూ, ఇక్కడే ఉందిగా" అన్నాను.

అతను నవ్వి, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు గొంతు పెంచి, "నీ... పేరు... ఏంటమ్మా?" అన్నాడు. సరోజ నా వైపు చూసి ఊరుకుంది. పేరు ఎరగక కాదు, అలా అడిగేవాళ్ళకు ఆమె చెప్పదు.

పైన గదుల్లో మంచాలు వరసగా ఉన్నాయి. దుప్పట్లు తెల్లగా ఉన్నాయి. మెట్ల దగ్గర ఇనప గ్రిల్, దానికి తాళం.

"తాళం చెవి ఎవరి దగ్గరుంటుంది?"

"సెక్యూరిటీ దగ్గర మేడమ్."

"వీళ్ళకి బయటికి పోవాలనిపిస్తే?"

"ఎందుకనిపిస్తుంది? అన్నీ లోపలే ఉన్నాయి కదా."

గ్రిల్ అవతల నా ఈడు మనిషి ఒకామె చువ్వల్లోంచి చెయ్యి చాపి నా కొంగు పట్టుకుంది. "ఏ బస్సుల వచ్చిండ్రు?" అని అడిగింది. రైల్లో వచ్చామని చెప్పాను. "రైలా!" అని కొంగు వదిలి సంతోషపడింది. మేనేజరు నన్ను ముందుకు నడిపించాడు.

కింద సరోజ డబ్బా గేటు దగ్గరే ఉండిపోయింది. బయటి తిండి లోపలికి పోకూడదట, రూలు. ఎవరికైనా కడుపు చెడితే బాధ్యత వాళ్ళదే కాబట్టి ఆ రూలును నేను తప్పుపట్టను. సెక్యూరిటీ అతను డబ్బా ఉన్నదున్నట్టు తిరిగి ఇచ్చాడు. సరోజ చేత్తో ఎత్తి బరువు చూసుకుంది.

"తినలే" అంది. అంతే.

జూలూరుపాడు దాటిన బస్సు

ఇప్పుడు ఆడవాళ్ళకు టికెట్టు డబ్బుల్లేవు. జన్మంతా టికెట్లు కొట్టినదాన్ని, సున్నా టికెట్టు చేత్తో పట్టుకుంటే ఏదోలా అనిపించింది. కండక్టరు పిల్ల చాలా చిన్నది. నిలబడిన జనంలో నలిగిపోతూ "లోపలికి జరగండ్రి, జల్దీ" అని అరుస్తోంది. గొంతు అరువు తెచ్చుకున్నట్టుంది. "పైకి అరవకమ్మా, గొంతు పోతుంది. మనిషి కళ్ళలోకి చూసి మామూలుగా చెప్పు, జరుగుతాడు" అన్నాను. నా వైపు అనుమానంగా చూసి, తరవాతి స్టేజీలో అలాగే చెప్పి చూసింది. ఎవరూ జరగలేదు. కాలం మారింది కాబోలు.

కొత్తగూడెంలో టీ తాగాం. మా ఎర్రుపాలెం వైపు టీ అంటే పాలు, చక్కెర. ఇక్కడ బొగ్గు ప్రాంతంలో డికాషన్ నల్లగా, నోట్లో పట్టుకునేలా పోస్తారు. గ్లాసు పదిహేను రూపాయలు. సరోజ రెండు చేతులా గ్లాసు పట్టుకుని కళ్ళు మూసుకుని తాగింది. మా అత్త చేసే టీ ఇలాగే ఉండేది. మణుగూరు వదిలాక సరోజకు ఇంత రుచైన టీ నేనెప్పుడూ పెట్టలేదు.

భద్రాచలం

గోదావరి వంతెన మీదికి బస్సు రాగానే అందరూ చేతులు జోడించారు. సరోజ డబ్బా ఒళ్ళో పెట్టుకుని దాని మీదే చేతులు జోడించింది. నవమి దగ్గరకొచ్చింది, ఊరంతా పందిళ్ళు వేస్తున్నారు.

రెండో చోటు గోదావరికి దగ్గర్లోనే. ప్రహరీ లోపల బంతి, కనకాంబరం. నడిపే ఆవిడ శారదమ్మ, అరవై ఏళ్ళుంటాయి, ఎదురొచ్చి సరోజ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. ఆ పట్టుకోవడంలోనే నా సగం బరువు దిగింది. ర్యాంపులున్నాయి. వారం వారం డాక్టరు వస్తాడు. పెద్దాసుపత్రి ఆటో దూరం. "ఫిట్స్ వస్తాయా? ఏం సమస్య లేదమ్మా, మేం చూసుకుంటాం" అంది. నేను ఏది అడిగినా ఏం సమస్య లేదు అనే అంది.

భోజనం వంకాయ కూర, పప్పుచారు, చివర్లో పెరుగు. కూర ఎంత బాగుందో, నేనే మారు వడ్డించుకున్నాను. నెరిసిన గడ్డాల మగవాళ్ళు, తల పండిన ఆడవాళ్ళు వరసగా కూర్చుని తింటున్నారు. శారదమ్మ వాళ్ళందరినీ "మా పిల్లలు" అంటుంది. సరోజ తినడం అయ్యాక అలవాటు ప్రకారం కంచం తీసుకుని కుళాయి వైపు వెళ్ళింది. పనామె పరుగున వచ్చి కంచం లాక్కుంది. "వద్దమ్మా, ఇక్కడ మీరు ఏ పనీ ముట్టుకోకూడదు. మహారాణిలాగా కూర్చో" అంది, ప్రేమగానే. సరోజ వసారాలో కూర్చుంది. అక్కడ అప్పటికే చాలామంది కూర్చుని ఉన్నారు.

పల్లీ ముద్దలను శారదమ్మ కళ్ళకద్దుకుని, దేవుడి ముందు పెట్టి, అందరికీ సగం సగం పంచింది. డబ్బా తోమించి, మెరిసేలా తుడిచి, రెండు చేతులతో సరోజకు ఇచ్చింది. నాకు కళ్ళు చెమర్చాయి. ఇంతకన్నా ఏం కావాలి? "నవమి వెళ్ళాక తీసుకొస్తానమ్మా" అని అక్కడే చెప్పేశాను.

ఆటోలో సరోజ మూత తీసి లోపలికి చూసింది. మూసింది. నేను మాట్లాడించినా పలకలేదు.

సాయంత్రం టీ కొట్టు దగ్గర "పంచదార" అంది. కొట్టతను చెంచాతో ఇస్తే టీలో వేసుకోలేదు. డబ్బా తెరిచి అందులో పోసి మూత బిగించింది.

"చీమలు పడ్తయమ్మా!" అన్నాడతను.

అప్పుడు తట్టింది నాకు. శారదమ్మ మరిచిన పంచదారను ఆమె తరఫున సరోజే వేసుకుంది. నాకు జాలి వేయాల్సింది పోయి చిరాకొచ్చింది. గుండె జబ్బు మనిషిని, ఎండలో తిరిగి తిరిగి ఒక మంచి చోటు పట్టుకుంటే, ఈమె డబ్బా గురించి అలుగుతుందా?

"మంచోళ్ళే కదే?"

"మంచోల్లే."

"మరింకేంటి?"

"గిన్నె కడగనియ్యలే" అంది.

 డాక్టరు వచ్చే చోటును గిన్నె కోసం ఎవరైనా వదులుకుంటారా అని నాలో నేను సణుక్కుంటూనే ఉన్నాను.

మేం దిగిన సత్రం వసారాలో గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని వడ్లు గోళ్ళతో ఒలుస్తున్నారు. సీతారాముల కల్యాణానికి తలంబ్రాలు. దంచకుండా, గింజ విరగకుండా, ఒక్కొక్కటీ గోటితోనే ఒలవాలి. మా వైపు ఇది లేదు, నేను నోరు తెరుచుకుని చూశాను. "రండమ్మా, కూర్చోండి. చివరి గుప్పెళ్ళండి ఇవి" అని చోటిచ్చారు. సరోజ ముందు కూడా గుప్పెడు పోశారు. నేను "ఆమెకు ఆ చెయ్యి..." అనబోయాను. ఎవరూ వినిపించుకోలేదు. సరోజ ఎడమచేతి వేళ్ళ మధ్య గింజ ఇరికించుకుని, కుడి గోటితో ఒలిచింది. వాళ్ళు పాతిక ఒలిచేలోగా ఈమెది ఒక్కటి. పక్కనున్న పెద్దావిడ ఆ గింజను అరచేతిలో పెట్టుకుని వెలుగులో చూసి, "విరగలేదండోయ్" అని తమ గింజల్లో కలిపేసింది. సరోజ ఆ గుప్పెడు అయ్యేదాకా లేవలేదు.

మణుగూరు మీదుగా

మూడో చోటు చూడకుండానే తిరిగిపోదామనుకున్నాను. ఎటూ భద్రాచలంలో మాటిచ్చేశాను. కానీ ఆ దారి మణుగూరు మీదుగా పోతుంది, ఆ మాట వినగానే సరోజ చెప్పులేసుకుని నిలబడింది. సరే, చూసొస్తే పోయేదేముందని ఎక్కాం.

అశ్వాపురం దాటాక బొగ్గు లారీలు, రోడ్డు పక్కన చెట్ల ఆకుల మీద నల్లటి దుమ్ము. మణుగూరు బస్టాండులో బస్సు ఆగినప్పుడు సరోజ కిటికీలోంచి మెడ బయటికి పెట్టి "అమ్మ" అంది. దిగుతానంటుందేమోనని భయపడ్డాను. దిగలేదు. డబ్బాలో పంచదార దులిపేసి, సంచిలో మిగిలిన ముద్దలు నింపుకుంది.

పినపాక అవతల

పినపాకలో దిగి షేర్ ఆటో పట్టుకున్నాం. ఇప్పపూల కాలం. గాలంతా తియ్యగా, కొంచెం మత్తుగా ఉంది. చెట్ల కింద ఆకులు ఊడ్చి శుభ్రం చేసుకున్న నేల మీద కోయ ఆడవాళ్ళు, పిల్లలు గంపల్లోకి పూలు ఏరుతున్నారు. మాకు ఇప్పపువ్వంటే సారా గుర్తొస్తుంది. వీళ్ళకు అది తిండి, ఎండబెట్టి డబ్బాల్లో దాచుకుంటారు, లడ్డూలు కడతారు.

ఊరి చివర పక్కపక్కన రెండు పెంకుటిళ్ళు. బోర్డు లేదు. ఒక చిన్న సంస్థ వాళ్ళు కిరాయికి తీసుకున్నారు. ఒక్కో ఇంట్లో నలుగురికి చోటు. ఎవరికి ఏ పనిలో సాయం కావాలో ఆ పనికి మాత్రం తోడుగా ఒక మనిషి, వంతులవారీగా ఉంటుంది. ఆ పూట తోడున్నది సమ్మక్క, ఆ ఊరి కోయ మనిషే. "ఇల్లు చూడొచ్చా అమ్మా?" అంటే, "నన్నడిగితే ఎట్ల? ఇల్లు కాంతక్కోల్లది. ఆమెను అడుగుండ్రి" అంది.

కాంతమ్మ చక్రాల కుర్చీలో వాకిట్లో ఉంది. బొగ్గుబాయి కార్మికుడి కూతురు, మంచి నోరున్న మనిషి. నన్ను ఒకసారి చూసి వదిలేసి సరోజను పట్టుకుంది.

"పేరేంది?"

"సరోజ."

"గురక పెడ్తవా?"

"పెడ్త."

"ఎంత?"

"వదినెకు ఎర్క."

నేను పొట్ట పట్టుకుని నవ్వాను.

"కోపమొస్తదా?"

"వస్తది."

"వస్తె ఏం చేస్తవ్?"

"మాట్లాడ."

"గట్లయితే మంచిదే. ఈడ మాట్లాడేటోల్లు ఎక్కువైండ్రు" అంది కాంతమ్మ. "చూడు, నాతోని ఇంకో ఇద్దరున్నరు, ఇప్పపువ్వుకు పోయిండ్రు. ఆల్లకూ నువ్వు నచ్చాలె, నీకు మేం నచ్చాలె. ఒక నెల ఉండి చూస్తవ్. అయితే సరే, లేకుంటె లేదు. అలుగుడు లేదు."

సరోజ డబ్బా ఇచ్చింది. కాంతమ్మ అక్కడికక్కడే మూత తీసి ఒక ముద్ద కొరికి, తిప్పి చూసింది. "ఒక పక్క గిట్ల సాపుగున్నదేందే?" సరోజ తన ఎడమ అరచెయ్యి చూపించింది. "ఓహో" అని కాంతమ్మ మిగతాది నోట్లో వేసుకుంది.

టీ పెట్టడానికి సరోజనే పిలిచారు. పాలు లేవు, బెల్లం అడుగంటింది. మర్నాడు సంత, ఆ రోజు ఇంట్లో డబ్బాలన్నీ ఖాళీయే. నల్ల టీయే పెట్టింది. తాగాక గ్లాసులన్నీ తనే కడిగింది, ఎవరూ లాక్కోలేదు. ఒకటి చేయి జారి సొట్టపడితే కాంతమ్మ తిట్టింది కూడా.

నేను వెతికి వెతికి లోపాలు పట్టాను. స్నానాల గది తలుపు సగమే పడుతుంది. వంటింటి మీద పెంకులు కదిలాయి. తాళం చెవి గుమ్మం పక్కన మేకుకు వేలాడుతోంది, ఎవరు బయటికి పోతే వాళ్ళు తీసుకుంటారు. అన్నిటికన్నా పెద్దది, దవాఖానా మణుగూరులో ఉంది.

"ఫిట్స్ వస్తే?" అని సమ్మక్కను అడిగాను.

ఆమె వెంటనే చెప్పలేదు. "పోయిన వానకాలం ఒకామెకు వచ్చినయ్. వాగు పొంగి రోడ్డు బందైంది. ట్రాక్టరు మీద చుట్టు తిరిగి తీస్కపోయినం. నాకైతే కాళ్ళు చేతులు ఆడలే. ఇప్పుడు ముక్కుల కొట్టే మందు ఇంట్లనే పెట్టినం, ఎట్ల కొట్టాల్నో డాక్టరు నేర్పిండు. పడుకునే కాడ రోజూ మాలో ఒకరం ఉంటం. కానీ భయం లేదని నేను చెప్పనమ్మా."

ఆ మాటకు నా భయం ఎక్కువైంది. శారదమ్మ సమస్య లేదంటే నమ్మి హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఈమె ఉన్నది ఉన్నట్టు చెబితే ఊపిరి అందలేదు. అయినా, రేపు నేను లేనప్పుడు ఏదైనా జరిగితే నిజం చెప్పేది ఎవరు అని కూడా అనిపించింది.

ఆటో వచ్చి హారన్ కొట్టింది. బయలుదేరాం. డబ్బా మాత్రం ఎవరూ ఇవ్వలేదు. బస్సులో మరిచిపోయిన గొడుగులు, టిఫిన్ బాక్సులు ఏరి అప్పజెప్పిన చేతులు నావి. వస్తువు వదిలి దిగడం నా వల్ల కాదు. గుమ్మంలోంచే "మా డబ్బా ఇప్పిస్తారా, మరిచిపోయినట్టున్నారు" అన్నాను.

కాంతమ్మ ముఖం ఎర్రబడింది.

"మరిచిపోలే. ఇంట్ల ఏం లేదు ఇయ్యాల. ఒట్టి డబ్బ చేతుల పెట్టి తోలమంటవా వదినే?"

సరోజ నా కొంగు పట్టి గట్టిగా లాగింది. ఇన్నేళ్ళలో నా మీద అంత కోపంగా చూడగా నేనెరగను. "అడగొద్దు" అంది నాతో. తరవాత కాంతమ్మ వైపు తిరిగి, "ఉంచుకో. మా అమ్మది" అంది.

కాంతమ్మ మూత మీది చుక్కలను వేలితో తడుముతూ చదివింది. "ఎల్లమ్మ, మణుగూరు. అమ్మ పేరున్న డబ్బనా? గట్లయితె ఒట్టిగ అస్సలియ్య. మల్ల వచ్చినప్పుడు ఇస్త."

చుట్టాలింటి మర్యాద తెలియని మనిషిలా నిలబడ్డాను. అవ్, నాదే తప్పు అని నవ్వాలనుకున్నాను, నవ్వు రాలేదు. ఆ డబ్బాను తలకింద పెట్టుకుని పడుకునే సరోజ, వట్టి చేతులతో, వెనక్కి తిరిగి కూడా చూడకుండా ఆటో ఎక్కి కూర్చుంది.

తిరుగు బస్సు

మణుగూరు దాకా నేను వాదించాను. వాగు గురించి, దవాఖానా గురించి, తలుపు గురించి. సరోజ కిటికీలోంచి చూస్తోంది. చివరికి విసిగి, "సరే, నువ్వే చెప్పు. ఏ ఇల్లు?" అన్నాను.

"డబ్బ ఉన్నకాడ."

"అక్కడ గ్లాసు సొట్టపోతే తిట్టారు నిన్ను."

"అవ్" అంది. నవ్వింది. "నేనే పడేసిన."

మహారాణిలా కూర్చోబెట్టే చోటు నా భయానికి మందు. సరోజకు కావలసింది వేరు. తిట్టించుకుని, గ్లాసు కడిగి, మళ్ళీ రమ్మనిపించుకునే చోటు ఆమెకు కావాలి. ఇల్లు వెతుకుతోంది ఆమెకు కదా, నాకు కాదు కదా అని నాకు నేను చెప్పుకోవడానికి ఆ బస్సు దూరమంతా పట్టింది. మణుగూరు బస్టాండులో నిలబడి శారదమ్మకు ఫోన్ చేశాను. ఆవిడ చిన్నబుచ్చుకుంది. "మేం ఏం తక్కువ చేశామమ్మా?" అంది. ఏమీ తక్కువ చేయలేదని చెప్పాను, అది అబద్ధం కూడా కాదు. ఎక్కడున్నా చల్లగా ఉండాలని దీవించి పెట్టేసింది.

మళ్ళీ ఎర్రుపాలెం

నవమి వెళ్ళాక సరోజను పినపాక అవతల దింపి వచ్చాను. నెల గడిచింది. మొదటి వారం రోజూ ఏడ్చిందట, నాకు ఆలస్యంగా చెప్పారు. ఒకసారి ఫిట్స్ వచ్చాయి, ఆ సంగతి మాత్రం అప్పటికప్పుడే ఫోన్ చేసి చెప్పారు. నెల చివర నేను పోయాను, వస్తావా ఉంటావా అని అడగడానికి. వాకిట్లో ఇప్పపువ్వు ఎండబోసి ఉంది. సరోజ చాటతో చెరుగుతోంది. నన్ను చూసి లేచి, లోపలికి పోయి, చాప తెచ్చి వేసింది. "కూసో వదినె" అంది. చెంబుతో నీళ్ళు ఇచ్చింది.

నేను అడగాల్సింది ఇంకేమీ మిగల్లేదు.

అన్నం తిని బయలుదేరుతుంటే "ఆగు" అని లోపలికి పరుగెత్తింది. ఎల్లమ్మ డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. బరువుగా ఉంది. ఇప్పపూల లడ్డూలు, నిండా, ఒక పక్క చదునుగా. కాంతమ్మ కుర్చీలోంచి చూస్తోంది.

"పొయ్యి రా వదినె. డబ్బ మల్ల తేవాలె" అంది సరోజ.

చుట్టాలను సాగనంపేటప్పుడు మా అత్త గుమ్మంలో నిలబడినట్టే నిలబడింది. నేను చుట్టాన్నయ్యాను. బస్సులో కండక్టరుగా ఒక్కనాడూ ఏడవలేదు గానీ, ఆ రోజు సున్నా టికెట్టు చేత్తో పట్టుకుని మణుగూరు దాకా ఏడ్చాను. అది దుఃఖమా అంటే దుఃఖమే. లోపల కొంచెం చల్లగా కూడా ఉంది.

లడ్డూలు అయిపోయాయి. డబ్బా కడిగి అలమరలో పెట్టాను. వచ్చే సోమవారం ఆపరేషన్. మొన్న డాక్టరు ఎన్నో జాగ్రత్తలు చెప్పి, ఏమైనా అడగాలా అమ్మా అన్నాడు. అయ్యాక మళ్ళీ బస్సెక్కడానికి ఎన్నాళ్ళు పడుతుందని అడిగాను.

"ఎందుకమ్మా అంత తొందర?" అన్నాడు.

"ఒకళ్ళింటి డబ్బా నా దగ్గర ఉండిపోయింది బాబూ. నింపి ఇచ్చి రావాలి" అన్నాను.